కానుగాకు, పల్లి పొట్టు: పాలమూరు ఎండలో కుండీ మట్టి తయారీ

మా పాలమూరులో కుండీల్లో మొక్కలు పెంచాలనుకునేవాళ్లకు మొదటి చిక్కు మట్టితోనే వస్తుంది. ఇక్కడ ఎటు చూసినా ఎర్ర చెల్క నేల. చేనులో ఉన్నంతసేపు ఆ మట్టికి ఏ వంకా పెట్టలేం. పల్లి, ఆముదం, కంది, జొన్న అన్నీ దాంట్లోనే పండుతున్నాయి. అదే మట్టిని తెచ్చి కుండీలో పోస్తే నాలుగు తడులకే పైన పెచ్చు కడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఇటుకలా గట్టిపడి, కుండీ గోడకూ మట్టికీ మధ్య సందు పడుతుంది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారి కింది బొక్కలోంచి బయటికి పోతాయి. పైన చూస్తే తడిసినట్టే ఉంటుంది, వేరుకు మాత్రం చుక్క అందదు.

నర్సరీలో దొరికే కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, కూడా కలిపి చూశాను. అది చెడ్డ వస్తువేం కాదు, నీళ్లు బాగా పట్టుకుంటుంది. కానీ మొక్కకు తిండి దాంట్లో దాదాపు ఏమీ ఉండదు. మిద్దె మీద మే నెల ఎండకు ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ తడవడానికి మొండికేస్తుంది. పైగా ఎక్కడో కొబ్బరి తోటలున్న చోటి నుంచి లారీల్లో మన దాకా రావాలి. మరి మా వీధిలో చూస్తే రోడ్డుకు రెండు పక్కలా కానుగ చెట్లు, ఇంటికో వేప, మూల మీద పెద్ద బాదం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాలిన ఆకునంతా పోగుచేసి అగ్గి పెట్టేవాళ్లు. ఆ పొగ తిన్నగా ఇళ్లలోకి వచ్చేది. చెత్తను ఇలా బయట కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాల్చినా 5,000 రూపాయల జరిమానా అంది. జరిమానా సంగతి అటుంచితే, కుండీకి కావలసిన మెత్తటి మట్టి మా గేటు ముందే బూడిదైపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆ ఆకుతోనే మట్టి చేయాలని అలా పట్టుబట్టాను.

ఆకు కంపోస్టు గురించి చదివినవాటిలో చాలా మటుకు చల్లటి దేశాల లెక్కలు. అక్కడ వాళ్ల బాధ చలి, ఎడతెగని వాన. ఆకు కుళ్లడానికి ఏడాది, రెండేళ్లు పడుతుందని రాస్తారు. మన బాధ అది కాదు. పాలమూరులో ఏడాదికి పడేదే 600 మిల్లీమీటర్ల చుట్టూ, అదీ నాలుగు నెలల్లో. మిగతా కాలమంతా గాలి పొడి. వేడికి మనకు కొదవ లేదు, తడి నిలవకపోవడమే సమస్య. ఎండిపోయిన కుప్పలో సూక్ష్మజీవులు పని ఆపేస్తాయి. ఏడాది తర్వాత విప్పినా ఆకు ఆకులాగే ఉంటుంది, చెదలు మాత్రం నిండుగా ఉంటాయి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మన దగ్గర పని సగం అయినట్టే.

దీనికి దారి మన దేశపు పాత పద్ధతుల్లోనే దొరికింది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లండు వ్యవసాయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేస్తూ రూపొందించిన పద్ధతిలో చెత్త, పెండ, మట్టి పొరలు పొరలుగా పేర్చి, గాలి ఆడేలా మధ్యమధ్యలో తిరగేస్తారు. ఎరువు తొందరగా అవుతుంది, కానీ తిరగేసినప్పుడల్లా తడి ఆవిరైపోతుంది, మళ్లీ నీళ్లు పట్టాలి. 1939లో ఆచార్య అనే శాస్త్రవేత్త చెప్పిన బెంగళూరు పద్ధతిలో గుంత నింపి, పైన మట్టితో అలికి వదిలేస్తారు, తిరగేయరు. నిదానంగా అవుతుంది, నీళ్లు చాలా తక్కువ పడతాయి. నేను ఎండాకాలంలో గుంత పద్ధతి, వానలు మొదలయ్యాక కుప్ప పద్ధతి పెట్టుకున్నాను. రెండూ కలిపితే మా వాతావరణానికి సరిగ్గా కుదిరింది.

ముందు ఆకు సంగతి చెప్తాను, ఎందుకంటే అన్ని ఆకులూ ఒకటి కావు. అన్నిటికంటే మేలైనది కానుగాకు. కానుగ కూడా పల్లి, కందిలాగే చిక్కుడు జాతిదే, వేళ్ల బుడిపెల్లో నత్రజనిని పట్టుకునే చెట్టు. ఆకు తొందరగా మెత్తబడుతుంది. వెనుకటి రైతులు కానుగ రొట్ట, జిల్లేడు రొట్ట కోసి వరి మడిలో తొక్కింది ఊరికే కాదు. వేపాకు కూడా బాగానే పని చేస్తుంది. ఆకు చిన్నది కాబట్టి ఒకదానికొకటి అతుక్కోకుండా సందులుంటాయి. వేప చేదుకు వానపాములు రావని చాలామంది భయపెట్టారు. పచ్చి వేపాకు మందంగా వేస్తే ఏమో గానీ, కుప్పలో ఉడికి చల్లారాక ఆ చేదు మిగలదు. నా కుప్పలోకి వానపాములు వాటంతటవే వచ్చి చేరాయి. బాదం ఆకు, మామిడాకు దళసరి, పైన మైనపు పొర ఉంటుంది, నలగ్గొట్టకుండా వేస్తే అట్టలు అట్టలుగా అతుక్కుని లోపల గాలి ఆడదు. నీలగిరి ఆకు నేను అసలు వేయను. దాని నూనె ఘాటు పోవడానికి చాలా కాలం పడుతుంది, కుండీలో మొలకలకు అది మంచిది కాదు. కోనోకార్పస్ కత్తిరింపులు ఈ మధ్య ప్రతి కాలనీలో కుప్పలుగా పడి ఉంటున్నాయి. కాడలు తీసేసి ఆకు వరకైతే కొద్దిగా వేయొచ్చు.

ఇంకో మాట. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు వెళ్లినప్పుడు అడవిలో మోకాలెత్తు ఆకు చూసి ఓ నాలుగు బస్తాలు తెచ్చుకుందాం అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ నేలకు ఉన్న ఎరువు అదొక్కటే. మన వీధుల్లో రాలేది మనకు చాలు.

మా వీధి ఊడ్చే ఆమె మొదట్లో ఆశ్చర్యంగా చూసింది. "అక్కా, గీ ఆకంత ఏం జేసుకుంటవ్?" అని అడిగింది. "కుండీలకు మన్ను జేస్త చెల్లే" అన్నాను. "అట్లయితె నీ గేటు కాడనే పోస్త, బండికెత్తే తిప్పల నాకు తప్పుతది" అంది. అప్పటి నుంచి ఆకుకు కరువు లేదు. కానీ రోడ్డు ఆకులో ఏముంటుందో చూసుకోవాలి. గుట్కా ప్యాకెట్లు, పాల కవర్లు, సీసా ముక్కలు, థర్మాకోల్, ఒక్కోసారి సిరంజీలు. మందపాటి రబ్బరు గ్లౌజులు లేకుండా చేయి పెట్టొద్దు. నేను ఆకును టార్పాలిన్ మీద పలుచగా పరిచి, ఏరిన తర్వాతే లోపలికి తీసుకుంటాను. ఇసుక, దుమ్ము కింద రాలిపోతుంది. కాలువ పక్కన తడిసి నల్లబడిన ఆకు, కార్లు కడిగే చోట నూనె మరకలు పడిన ఆకు తీసుకోను. తినే కూరగాయల కుండీలోకి పోయే మట్టి ఇది.

ఆకు నలగ్గొట్టడానికి మా దగ్గర యంత్రం అక్కర్లేదు. మార్చి నెల మధ్యాహ్నం ఎండకు కానుగాకు అప్పడంలా పలుకుతుంది. గోనెసంచిలో సగం దాకా పోసి మూతి కట్టి, చెప్పులు వేసుకుని తొక్కితే పొడి పొడి అవుతుంది. పొద్దున పూట మంచుకు మెత్తగా ఉన్నప్పుడు ఎంత తొక్కినా నలగదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, దుమ్ము బాగా లేస్తుంది.

అసలు కిటుకు చెప్పింది మా అత్తమ్మ. ఆమెది దేవరకద్ర దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచి పెంటకుప్పలు వేసిన చేతులు. నేను పైపుతో ఆకు మీద నీళ్లు కొడుతుంటే దగ్గరికి వచ్చి, "ఎండాకు మీద నీళ్లు జల్లితె జారిపోతయి బిడ్డా. పెండ నీళ్లల్ల నానబెట్టాలె" అంది. ఆమె మాట అక్షరాలా నిజం. ఎండిన ఆకు నీటిని తోసేస్తుంది. పైన తడిసినట్టు కనిపిస్తుంది, లోపల పొడిగానే ఉంటుంది. అందుకని ప్లాస్టిక్ డ్రమ్ములో ఒక తట్ట పచ్చి బర్రె పెండకు నాలుగైదు బకెట్ల నీళ్లు పోసి బాగా కలిపి, నలిపిన ఆకు నింపిన సంచులు అందులో ముంచి, పైన రాయి పెట్టి రాత్రంతా ఉంచాలి. తెల్లారేసరికి ఆకు ముదురు గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది. అదే నీళ్లలో మళ్లీ ఇంకో విడత నానబెట్టొచ్చు, తరిగినంత మేర పోసుకుంటే సరి. పెండ తడిని లోపలికి తీసుకెళ్లడమే కాదు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులనూ, కొంత నత్రజనినీ ఇస్తుంది. బెల్లంతో మురగబెట్టే వేస్ట్ డీకంపోజర్ ద్రావణం చల్లేవాళ్లూ ఉన్నారు. దొరికితే వాడుకోవచ్చు, కానీ తాజా పెండ ఉంటే అది లేకపోయినా పని జరుగుతుంది.

నత్రజని ఎందుకంటే, ఎండాకులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని తక్కువ. కుళ్లబెట్టే జీవులకు 25 నుంచి 30 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే హాయిగా పనిచేస్తాయి. ఎండాకులో ఒక పాలు నత్రజనికి కర్బనం 40, 60, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పచ్చగడ్డి, వంటింటి తొక్కలు, పెండ ఈ లోటు పూడుస్తాయి. తూకం వేసుకోనక్కర్లేదు. నేను మూడు గంపల నానిన ఆకుకు ఒక గంప పచ్చిది అన్న లెక్క పెట్టుకున్నాను. యూరియా చల్లమని కొందరు చెప్పారు. పెండ దొరుకుతున్నప్పుడు దాని అవసరం నాకు కనిపించలేదు.

గుంతను ఇంటి వెనుక తూర్పు గోడ పక్కన తవ్వించాను, మధ్యాహ్నం తర్వాత నీడ పడే చోట. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు. ఇంటి పునాదికి దూరంగా ఉండాలి. చెట్టు నీడ బాగుంటుందని వేప మొదట్లో తవ్వితే, తడి వాసనకు వేప వేళ్లు గుంతలోకి అల్లుకుపోయి ఎరువంతా అవే తినేస్తాయి. అందుకే గోడ నీడ మంచిది. అడుగున కంది కట్టె వేళ్లతో సహా ఒక వరుస పరిచాను, కింద గాలికీ నీళ్లు ఇంకడానికీ. దాని మీద జానెడు నానిన ఆకు, బెత్తెడు పచ్చిది, రెండు గుప్పిళ్ల పాత ఎరువు లేదా చెట్టు కింది మట్టి, మళ్లీ ఆకు. ఒకేసారి నిండకపోయినా పర్వాలేదు, ఆకు రాలుతున్న కొద్దీ నింపుకుంటూ పోయాను. ప్రతి పొర తర్వాత కాలితో కొద్దిగా అదమాలి, గట్టిగా తొక్కకూడదు. నిండి పైకి జానెడు లేచాక ఎర్రమట్టి, పెండ కలిపిన బురదతో పైనంతా అలికి, మీద పాత గోనెసంచులు కప్పాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలకు అలికిన పొర కూడా పగులుతుంది. పగుళ్ల మీద బురద పూసి, గోనెసంచులు తడిపి ఉంచితే చాలు. దానికి బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు సరిపోయాయి. ఫిల్టర్ మెషీన్ నుంచి వదిలేసే నీళ్లు, కూలర్ అడుగున మిగిలిన నీళ్లు మాత్రం పోయను. వాటిలో ఉప్పు పేరుకుని ఉంటుంది. మన బోరు నీళ్లలోనే ఉప్పులు ఎక్కువ, కుండీ అంచుల మీద తెల్లటి పొర చూస్తూనే ఉంటాం. దానికి ఇంకొంత కలిపితే మొలక తట్టుకోలేదు.

ఎండాకాలంలో గుంత పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇనుప చువ్వ గుచ్చి కాసేపుంచి తీసి పట్టుకుంటాం. ఇది పట్టపగలు చేస్తే ఏమీ తెలియదు, 42 డిగ్రీల ఎండకు చువ్వే కాలుతుంది. తెల్లవారుజామున చేయాలి. అప్పుడు కూడా చువ్వ వేడిగా ఉంటే లోపల పని నడుస్తున్నట్టు.

మా దగ్గర చెదలతో చాలా జాగ్రత్త. పిల్లలమర్రి ఊడలకు పట్టిన చెదల సంగతి జిల్లాలో తెలియనివాళ్లు లేరు. 2018లో ఆ మహావృక్షానికి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. చెదలు చేరేది పొడిగా ఉన్న చోటికి. గుంత అంచుల దగ్గర ఆకు ఎండిపోతే అక్కడ మట్టి గూళ్లు మొదలవుతాయి. నేను మందు వేయలేదు, వేస్తే కుళ్లబెట్టే జీవులూ పోతాయి. అంచుల వెంట పెండ నీళ్లు పోసి తడిగా ఉంచితే అవి తప్పుకున్నాయి.

మిరుగం పెట్టి రెండు మంచి వానలు పడ్డాక గుంత విప్పాను. ఆకు సగానికి సగం దిగిపోయి, ముదురు రంగులోకి వచ్చి ఉంది. కానుగ, వేప దాదాపు గుర్తుపట్టలేకుండా ఉన్నాయి, బాదం ఆకు ఈనెలు మాత్రం అలాగే మిగిలాయి. తెల్లటి దారాల్లాంటి బూజు అక్కడక్కడా కనిపిస్తే భయపడకండి, గట్టి ఆకును విడగొట్టేది ఆ శిలీంధ్రాలే. దీన్ని బయటికి తీసి కుప్పగా వేసే సమయానికి చుట్టూ పచ్చదనం ఉచితంగా దొరుకుతుంది. ఖాళీ ప్లాట్లలో గడ్డి, గట్టు మీది గ్లిరిసిడియా కొమ్మలు, సుబాబుల్ ఆకు. వయ్యారిభామను పూత రాకముందే గ్లౌజులతో పీకి వేయొచ్చు. పూత వచ్చిందంటే వద్దు, గింజలు కుండీలోకి వస్తాయి, దాని పుప్పొడి చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు. తుంగ గడ్డలు ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. గరికను మిద్దె మీద కరకరలాడేలా ఎండబెట్టాకే వేయాలి. గడ్డి మందు కొట్టిన చోటి గడ్డి తేవద్దు.

ఈ దశలోనే పల్లి పొట్టు కలుపుతాను. నా దృష్టిలో పాలమూరు కుండీకి ఇంతకంటే మంచి వస్తువు లేదు. జడ్చర్ల బాదేపల్లి మార్కెట్ చుట్టుపక్కల పల్లీలు ఒలిచే మిల్లుల్లో బస్తాల కొద్దీ దొరుకుతుంది. పొట్టు గట్టిది, నిదానంగా కుళ్లుతుంది. ఎరువు అయ్యాక కూడా చిన్న చిన్న రేకులుగా మిగిలి కుండీ మట్టిలో గాలికి సందులు ఉంచుతుంది. కోకోపీట్ చేసే పని, మట్టి గుల్లగా ఉండటానికి కలిపే తెల్లటి తేలిక గుళికలు పెర్లైట్ చేసే పని, రెండూ కొంత కొంత అదే చేస్తుంది. కానీ పచ్చిగా కుండీలో వేయకూడదు. పల్లి చేలో మొదలు కుళ్లు తెచ్చే శిలీంధ్రం పొట్టు మీద ఉండొచ్చు, బూజు పట్టిన పొట్టు దుమ్ము పీలిస్తే మనకూ మంచిది కాదు. బస్తా విప్పగానే నీళ్లు చల్లి, రెండు రోజులు నానబెట్టి, కుప్ప నడి మధ్యలో వేడి బాగా తగిలే చోట కలపాలి.

కుప్ప మూడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు అయినా ఉండాలి. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. సరిగా పేర్చితే రెండు మూడు రోజుల్లో లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది. పొద్దున్నే పక్కకు తవ్వితే ఆవిరి లేస్తుంది. కనీసం మూడు రోజులు 55 డిగ్రీలు దాటి నిలిస్తే తెగులు తెచ్చేవి, కలుపు గింజలు చాలా మటుకు చస్తాయి. అయితే ఆ వేడి నడిమధ్యన ఉంటుంది కాబట్టి, బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా తిరగేయాలి. వేడి తగ్గినప్పుడల్లా, అంటే పది పన్నెండు రోజులకొకసారి తిరగేసుకుంటూ వచ్చాను. తడి చూడటానికి గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకు కలపాలి, ముద్ద కట్టకపోతే నీళ్లు చల్లాలి. మిగతాదంతా ముక్కుతో తెలుస్తుంది. మూత్రం లాంటి ఘాటు వస్తే పచ్చిది ఎక్కువైంది. కుళ్లు కంపు వస్తే గాలి చాలలేదు. ఏ వాసనా లేదు, వేడీ లేదంటే మన దగ్గర తొంభై పాళ్లు ఎండిపోయినట్టే.

జోరు వాన పడేటప్పుడు టార్పాలిన్ కప్పాలి, లేకపోతే సారమంతా నీళ్లతో కొట్టుకుపోతుంది. ముసురుకు కప్పనక్కర్లేదు. తిరగేసేటప్పుడు ముందు పారతో పక్కల మీద తట్టి, కాసేపు ఆగి మొదలుపెట్టండి. తేళ్లు, జెర్రులు ఉంటాయి, వానాకాలంలో పాము కూడా చేరొచ్చు. బూట్లు లేకుండా పిల్లలను దగ్గరికి రానివ్వను. కుప్పలో బొటనవేలంత లావున తెల్లగా ముడుచుకున్న పురుగులు కనిపిస్తే ఏరేయాలి. అవి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు, వేరు పురుగులూ కావచ్చు. వేరు పురుగు కుండీలోకి వెళ్తే మొక్క వేళ్లు కొరికేస్తుంది. మా ఇంటి ముందు గోరింకలకు వేస్తే క్షణంలో ఖాళీ చేస్తాయి.

బతుకమ్మ నాటికి కుప్ప చల్లబడుతూ ఉంటుంది. ఆ తొమ్మిది రోజులు ఇంటింటా తంగేడు ఆకు, గునుగు కాడలు, బంతి రెక్కలు మిగిలిపోతాయి. మా వీధి వదినలు, పిన్నులు అవన్నీ గంపలో నాకే తెచ్చి ఇస్తారు. తంగేడు ఆకు చాలా మంచిది. గునుగుకు రంగులు అద్దిన పువ్వులు మాత్రం పక్కన పెట్టేస్తాను. రంగు అద్దని గునుగు పువ్వు కూడా వేయను. ఒక్కో కంకిలో నల్లటి సన్నటి గింజలు లెక్కలేనన్ని, తర్వాత ప్రతి కుండీలో గునుగే మొలుస్తుంది. ఈ పచ్చిదంతా పాత కుప్పలో కలపకుండా కొత్త కుప్పకు మొదటి పొరగా పోతుంది, ఎందుకంటే చల్లారుతున్న ఎరువులో పచ్చిది కలిపితే మళ్లీ ముందునుంచి మొదలవుతుంది.

కుండీకి వాడే ఎరువు చేనుకు వేసే దానికంటే బాగా మాగాలి. చేనులో సగం మాగినది వేసినా నేల సర్దుకుంటుంది, కుండీలో వేరుకు పారిపోయే చోటు లేదు. మాగని ఎరువు కుండీలో మళ్లీ వేడెక్కుతుంది, మొక్కకు అందాల్సిన నత్రజనిని అదే లాక్కుంటుంది, ఆకులు పసుపు తిరుగుతాయి. కుప్ప వేడి పూర్తిగా తగ్గాక ఇంకో నెల పైనే నీడలో ఊరికే ఉంచుతాను. తర్వాత రెండు పరీక్షలు. తడి ఎరువు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా కట్టి మూడు రోజుల తర్వాత విప్పితే తొలకరి మట్టి వాసన రావాలి, పుల్లటి వాసన, ఘాటు వాసన రాకూడదు. రెండోది, ఒక గిన్నెలో ఈ ఎరువు, ఇంకో గిన్నెలో మామూలు మట్టి వేసి రెండింట్లో మెంతులు చల్లాలి. రెండూ సమానంగా మొలిచి, వేళ్లు తెల్లగా నిటారుగా ఉంటే ఎరువు సిద్ధం. వేరు కొస నల్లబడినా, మొలకలు సగమే వచ్చినా ఇంకా ఆగాలి.

ఆ తర్వాత ఇసుక జల్లెడలో జల్లించడం. మెత్తటిది విత్తనాల ట్రేలకు, కాస్త ముతకది పెద్ద కుండీలకు. జల్లెడ పైన మిగిలిన ఈనెలు, కట్టె ముక్కలు కొత్త గుంతలో వేస్తే వాటి మీదున్న జీవులు కొత్త ఆకుకు తోడు వేసినట్టు పనిచేస్తాయి. పెద్ద కుండీలకు నేను కలిపేది రెండు పాళ్ల ఈ ఎరువు, ఒక పాలు చెల్క మట్టి, ఒక పాలు ముతక ఇసుక, కుండీకి గుప్పెడు వేపపిండి. మిద్దె మీద బరువు తగ్గాలంటే ఇసుకకు బదులు బాగా మాగిన పల్లి పొట్టే వేసుకోవచ్చు. మట్టి మొత్తానికే మానేయొద్దు. చెల్క మట్టిలోని ఆ కాస్త బంక వల్లే పోషకాలు నిలుస్తాయి, కుండీ గాలికి పడిపోకుండా ఉంటుంది.

ఫలితం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అన్నిటికంటే పెద్ద తేడా నీళ్లలో కనిపించింది. ఎండాకాలంలో రెండు పూటలా పోయాల్సిన కుండీలకు ఒక పూట చాలింది. నీళ్లు పక్కల నుంచి జారడం పోయింది. వంకాయ, టమాట, పచ్చిమిర్చి వేళ్లు తెల్లగా కుండీ అంతా అల్లుకున్నాయి. కానీ ఆకు ఎరువులో బలం తక్కువ, ఇది నేలను బాగుచేసేదే గానీ కడుపు నింపేది కాదు. కాపు కాసే మొక్కలకు విడిగా తిండి పెట్టాలి. నేను పల్లి చెక్క నీళ్లలో నానబెట్టి, పలుచగా చేసి పోస్తాను. ఇంకో సంగతి, మన వేడికి ఈ ఎరువు కుండీలో కూడా కరుగుతూనే ఉంటుంది. పంట అయ్యేసరికి మట్టి మట్టం నాలుగు వేళ్లు దిగుతుంది. ప్రతి పంటకు ముందు పైన కొత్తది నింపాలి.

మిగిలిన ఎరువును ఎండలో, మూతి బిగించిన బస్తాలో ఉంచొద్దు. నీడలో, మూతి వదులుగా ఉన్న గోనెసంచిలో, కొద్దిగా తడితో ఉంచితే దాంట్లో ప్రాణం ఉంటుంది. పూర్తిగా ఎండితే అది కూడా కోకోపీట్ లాగే తడవనంటుంది.

గుంతకు చోటు లేనివాళ్లు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు చాలామంది అడుగుతున్నారు. పక్కలకు చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములో కూడా చేయొచ్చు. కానీ అంత చిన్నదాంట్లో వేడి పుట్టదు కాబట్టి కలుపు, తెగులు పట్టిన మొక్కలు, పల్లి పొట్టు వేయకండి. నానిన ఆకు, పెండ, తొక్కలే వేయండి, ఎక్కువ నెలలు ఆగండి. అదీ కుదరకపోతే ఆకును అలాగే చెట్ల కింద పరిచేయండి. జానెడు మందాన పరిచి ఒకసారి తడిపితే మే నెలంతా ఆ నేల చల్లగా ఉంటుంది. చెదలు ఎక్కకుండా కాండం చుట్టూ బెత్తెడు మాత్రం ఖాళీ వదలండి.